మన తరఫున మాట్లాడే మనిషి

ఈ మధ్య తొమ్మిదో తరగతిలో "పెద్దయ్యాక ఏమవుతారు?" అని వ్యాసం రాయించాను. ఒకమ్మాయి లాయరునవుతానని రాసింది. చదివి వినిపించగానే వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది. "మేడమ్, లాయరంటే దొంగ తరఫున కూడా వాదించాలి కదా. అది మంచి పనెలా అవుతుంది?" క్లాసంతా నవ్వింది. ఇంతలో గంట కొట్టేశారు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

జవాబు మన ఊళ్లోనే మొదలవుతుంది. ఐఐటీ ఆవరణలోని నెహ్రూ సైన్సు మ్యూజియం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పాత భవనం ఒకప్పుడు హిజ్లీ నిర్బంధ శిబిరం. స్వాతంత్ర్యం కోరిన యువకులను బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ విచారణ లేకుండా బంధించింది. నేరం ఏమిటో కోర్టులో రుజువు చేయలేదు, వారి వైపు మాట వినలేదు. 1931 సెప్టెంబరు 16న పోలీసులు చేతిలో ఆయుధం లేని ఆ ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. 1951లో అదే భవనంలో దేశపు తొలి ఐఐటీ మొదలైంది.

ఇలాంటివి చూసినవారే మన రాజ్యాంగం రాశారు. అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలని, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని, తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకోనివ్వాలని 22వ అధికరణం చెబుతుంది. ముందస్తు నిర్బంధానికి అదే అధికరణంలో మినహాయింపులు కూడా ఉన్నాయి. కాబట్టి లాయర్ల పని రాజ్యాంగంతో తీరిపోలేదు. కాగితం మీద ఉన్న హక్కును ఎవరో ఒకరు వెళ్లి అడగాలి.

అలా అడిగిన ఒక ఉత్తరం మన బెంగాల్ నుంచే వెళ్లింది. 1986 ఆగస్టులో పశ్చిమ బెంగాల్‌లోని ఒక న్యాయ సహాయ సంస్థ కార్యనిర్వాహక అధ్యక్షుడు డి.కె. బసు, లాకప్పుల్లో జరుగుతున్న మరణాల గురించి పత్రికల్లో వచ్చిన వార్తలు చూపిస్తూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే కేసుగా తీసుకుంది. పదేళ్ల తర్వాత, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. అరెస్టు చేసే పోలీసు పేరు కనబడేలా బ్యాడ్జి పెట్టుకోవాలి. అరెస్టు చేసిన తేదీ, సమయం రాసి సాక్షి సంతకం తీసుకోవాలి. ఇంట్లోవారికో స్నేహితుడికో కబురు చేయాలి. ఇలా పదకొండు నియమాలు పెట్టింది. అవి దొంగకీ వర్తిస్తాయి, పొరపాటున పట్టుబడిన మీ అన్నయ్యకీ వర్తిస్తాయి.

ఇక మన తెలుగువారి సంగతి. ఖరగ్‌పూర్ నుంచి చెన్నై వెళ్లే రైలు తెనాలి, చీరాల మీదుగా వెళ్తుంది. చీరాల దగ్గర ఊరు కారంచేడు. 1985 జులై 17న అక్కడ తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ తర్వాత ఆరుగురు దళితులను చంపేశారు. అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం నిరసనగా ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు. కోనసీమలోని కందికుప్పలో పుట్టిన ఆయన బాధితుల పక్షాన నిలబడ్డారు. "పోలీసులు అరెస్టు చేస్తే" అనే పుస్తకం కూడా రాశారు. చట్టం లాయర్లకు మాత్రమే అర్థమైతే చాలదని ఆయనకు తెలుసు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. అంటే 23 ఏళ్లు పట్టింది.

తెనాలి దగ్గర చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. బాధితులు పట్టుబట్టగా ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది.

మరి ఇన్నేళ్లు వాదించి ఏం లాభం అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతాను. ఆలస్యం న్యాయానికి పెద్ద లోపమే, దాన్ని సమర్థించను. కానీ చుండూరులో కూలి పనులకు వెళ్లే మనుషులు తమ ఊళ్లోనే, జడ్జి ఎదుట నిలబడి, తాము చూసింది చెప్పారు. అది రికార్డుకెక్కింది. నిందితులకూ లాయర్లు ఉన్నారు, ఉండాలి కూడా. రెండు వైపులా విన్నాక వచ్చిన తీర్పు తప్పనిపిస్తే పైకోర్టుకు వెళ్లవచ్చు. ఒకవైపే విని వేసిన శిక్ష తీర్పే కాదు.

ఈ విషయం నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. ఇదివరకు పనిచేసిన ఒక బడిలో ఏడాది మధ్యలో ఒక అబ్బాయి చేరాడు. ఆ ఊరి భాష రాదు, హిందీ అంతంతమాత్రం. ఒకరోజు ఎవరిదో జామెట్రీ బాక్సు పోయింది. అందరూ కొత్తవాడి వైపు చూశారు. నేను కూడా ముందు అతని బ్యాగే తెరవమన్నాను. మర్నాడు బాక్సు ల్యాబులో దొరికింది. అతని తరఫున ఆ రోజు ఒక్కరు కూడా మాట్లాడలేదు, టీచరునైన నాతో సహా. క్షమించమని అడిగితే "పరవాలేదు మేడమ్" అన్నాడు. కొన్నాళ్లకే వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది.

మనమంతా బదిలీల మీద తిరిగేవాళ్లం. ప్రతి ఊళ్లోనూ కొన్నాళ్లు ఆ కొత్తవాడు మనమే. అందుకే వెనక బెంచీ మిత్రుడికి నా జవాబు ఇది: దొంగ ఎవరో తేలకముందే మనం దొంగ అనేస్తాం. అలా అననివ్వకుండా ఆపడానికే ఒక మనిషి కావాలి. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి మనిషి అవసరమైతే జిల్లా న్యాయ సేవల సంస్థ ఉంది. ఫోను నంబరు 15100. ఆడవారికీ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.

క్లాసులో మాత్రం ఫోను అక్కర్లేదు. ఈసారి ఏదైనా పోయి అందరూ ఒకరి వైపే చూస్తే, మీలో ఒకరు లేచి "మేడమ్, ముందు వాణ్ణి అడగండి" అనండి. ఆ మాట నాకు చెప్పాల్సి వచ్చినా సరే.