ఏటి, ఏంది, ఏంటి: వసతిగృహపు మారుపేర్లు – ‘ఉచ్చారణదోష’ వాదం

విశ్వవిద్యాలయ వసతిగృహంలో మారుపేరు పుట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన విద్యార్థి మొదటి వారంలోనే ‘ఏటి’ అవుతాడు. నల్లగొండ విద్యార్థి కోస్తా కళాశాలలో చేరితే ‘ఏంది’ అవుతాడు. రాయలసీమ నుంచి వచ్చినవాడిది ఏ జిల్లా అయినా పేరు ‘సీమ’ ఒక్కటే. ఇది వయస్సుకు సహజమైన పరిహాసమనీ, ఇందులో భాషాశాస్త్రాన్ని వెతకడం అనవసరమనీ చెప్పే అధ్యాపకులు ఉన్నారు. అయితే ‘ఏంటి’ అనే మారుపేరు ఎవరికీ ఎందుకు పడదన్న ప్రశ్నకు వారి వాదంలో సమాధానం లేదు.

‘ఏమిటి’ శబ్దంలో నడిమి అచ్చు లోపించి ‘ఏంటి’ ఏర్పడింది. అనునాసికం కూడా జారిపోయిన రూపం ‘ఏటి’. ‘ఏంది’ కూడా ‘ఏమి’ శబ్దం మీద నిలిచినదే. మూడూ సంక్షిప్తరూపాలే. వాటిలో ఒకటి కృష్ణా, గుంటూరు మండలాల నుంచి పత్రికలకూ చలనచిత్రాలకూ ఎక్కింది కనుక చెవికి మామూలయింది. తక్కిన రెండూ ‘యాస’ అనిపించుకున్నాయి.

ప్రామాణికమనుకునే ఉచ్చారణను ఇదే తూకంలో వేసి చూడాలి. ‘వచ్చాడు’ అన్నప్పుడు మధ్యమండల వ్యవహర్త నోట వినిపించే దీర్ఘాచ్చు శుద్ధమైన ఆకారం కాదు. అది ఆ, ఏల నడిమి ధ్వని. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఈ ధ్వనిని గుర్తించింది. వర్ణమాలలో దీనికి అక్షరం లేదు. తెలంగాణలో వినిపించే ‘వచ్చిండు’ రాసినట్టే పలుకుతుంది. వేళాకోళం మాత్రం దానికే! ‘ఫలితం’లోని ఫకారాన్ని ‘కాఫీ’లోని ఫకారంలా దంతోష్ఠ్యంగా పలికే వక్తలు సాహిత్యసభలలోనూ తక్కువేమీ కాదు. వారిలో ఎవరికీ ఆ కారణంగా మారుపేరు రాలేదు.

వసతిగృహంలోని హాస్యం కంటె తరగతిగదిలోని తీర్పు బరువైనది. ‘బాష’ అన్న విద్యార్థికి మౌఖికపరీక్షలో మార్కు తగ్గించే అధ్యాపకుడు వ్యాకరణం తన పక్షాన ఉందనుకుంటాడు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు లెక్కించిన 36 వర్ణాలలో మహాప్రాణాలు లేవు, శకారమూ లేదు. తత్సమాలను మహాప్రాణాలతో రాయడం వేరు. వాటిని పలకని నోటిని అశిక్షితమని నిర్ణయించడం వేరు. ఆ 36లోనే ఉన్న ౘ, ౙలను నేటి ముద్రణ విడిచిపెట్టినందుకు ఏ అధ్యాపకుడూ మార్కులు తగ్గించడం లేదు.

ప్రతిపక్షంలో ఒక్క అంశానికి బలముంది. ళకారం లకారంలో కలిసినప్పుడు ‘కళ’, ‘కల’ చెవికి ఒకటవుతాయి. రాతలో ఆ భేదాన్ని నేర్పవలసిందే, ఎంత శ్రమ పడి అయినా. కాని అది వర్ణక్రమబోధన. దాని పేరిట విద్యార్థి మాట్లాడే ప్రతి వాక్యాన్నీ నిలిపి సరిదిద్దితే అతడు గోష్ఠులలో లేచి ప్రశ్నించడం మానేస్తాడు.

ఏటా ఆగస్టు 29న తెలుగు శాఖలు గిడుగు రామమూర్తి జయంతిని జరుపుకొంటాయి. ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం సీమలోనిది. వ్యవహారభాషకు గౌరవం కోరిన ఆ పండితుని చిత్రపటానికి పూలమాల వేసే విద్యార్థుల మధ్యనే ‘ఏటి’ నిలబడి ఉంటాడు.

మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలతో 1962లో వెలువడింది. మాండలికం సేకరించదగిన సంపద అని ఆ నాటినుంచి శాఖలకు తెలుసు. నేటికీ పరిశోధకులను పల్లెలకు పంపి వృద్ధుల మాటను ధ్వనిముద్రణ చేయిస్తున్నారు. అదే మాట పాఠం వినే బల్ల మీద కూర్చుంటే దోషమంటున్నారు. రెండేళ్లపాటు సహపాఠుల నవ్వుకూ, గురువుల దిద్దుబాటుకూ జడిసి తన పలుకును మార్చుకున్న విద్యార్థి, చివరకు మాండలికం మీదనే పరిశోధనాంశం తీసుకొని, ప్రశ్నావళి పట్టుకొని తన ఊరికే వెళుతున్నాడు. అక్కడ ఇంటివారితో అతడు మాట్లాడే తెలుగును విని, ఈసారి ఊరివారు అతనికి మరొక మారుపేరు పెడుతున్నారు.