జాగీరు కాదు, దస్తగీరు

మా తమ్ముడి పేరు దస్తగిరి. పట్నంలో అద్దె ఇల్లు చూడబోయాడు. పేరు వినగానే ఇంటాయన మొహం విప్పారింది. శేషగిరి, వెంకటగిరి లాగా ఇదీ ఏదో కొండ పేరనుకున్నాడు. బోరు నీళ్లున్నాయన్నాడు, గాలీ వెలుతురూ బాగా వస్తాయన్నాడు. మాట అడ్వాన్సు దాకా వచ్చాక ఇంటిపేరు అడిగాడు. ‘‘షేక్’’ అన్నాడు తమ్ముడు. ‘‘మా ఆవిణ్ణి అడిగి చెప్తాను’’ అన్నాడాయన. ఆయన ఆవిడ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

ఇల్లు దొరక్కపోవడం మాకు కొత్త కాదు. అయిదు నిమిషాల ముందు మనవాడిదైన పేరు అయిదు నిమిషాల తర్వాత పరాయివాడిదెలా అయింది? పేరు మారలేదు. మనిషీ మారలేదు. మారిందేమిటో చెప్పండి.

ఇంతకీ దస్తగిరిలో కొండ లేదు. ఇది ఫార్సీ మాట. దస్త్ అంటే చెయ్యి. గీర్ అంటే పట్టుకునేవాడు. పడిపోతున్నవాడి చెయ్యి పట్టుకుని లేపేవాడు దస్తగీర్. మీ ఇంటి దస్తావేజులో ఉన్నదీ ఆ దస్తే. దస్తావేజును నువ్వెక్కణ్ణుంచి వచ్చావని ఎవరూ అడగరు, బీరువాలో భద్రంగా దాచుకుంటారు. దస్తగిరిని మాత్రం గడప దగ్గరే నిలబెట్టి అడుగుతారు.

ఇది షేక్ అబ్దుల్ ఖాదర్ జీలానీకి జనం పెట్టుకున్న బిరుదు. ఆయన పదకొండో శతాబ్దంలో కాస్పియన్ సముద్రం పక్కన గీలాన్‌లో పుట్టాడు. బాగ్దాదులో చదివి, అక్కడే బోధించి, 1166లో అక్కడే కన్నుమూశాడు. ఆయన పేరు మీద నడిచిన ఖాదిరీ సూఫీలు బహమనీల, బీజాపూరు సుల్తానుల కాలంలో దక్కనుకు వచ్చారు. వాళ్లతోపాటు ఆయన బిరుదులూ వచ్చాయి. అవన్నీ మా వీధుల్లో మనుషులయ్యాయి. మహబూబ్ సుభానీ ఆయనే. గౌస్ ఆయనే. మొహియుద్దీన్, ఖాదర్, జిలానీ, దస్తగిరి, అన్నీ ఆయనే. మా మొహల్లాలో ఒక్క పేరు పెట్టి కేకేస్తే ఆరుగురు పలుకుతారు. రబీ ఉస్సానీ నెల పదకొండో రోజున గ్యార్మీ చేస్తాం. కొన్ని ఊళ్లలో జెండా ఎత్తుతారు. మా అమ్మీ ఆ రోజు ఫాతెహా ఇప్పించాకే ముద్ద నోట్లో పెట్టుకునేది.

ఆ గీర్‌ని గిరి చేసింది మా నోళ్లే. తెలుగు నోళ్లు. చివర అయ్య చేర్చి దస్తగిరయ్యను చేశాం, అమ్మ చేర్చి దస్తగిరమ్మను చేశాం. దస్తగిరమ్మ అనే పేరు బాగ్దాదులో పుట్టదు. కర్నూలులో, కడపలో, అనంతపురంలో పుడుతుంది. బిడ్డలు దక్కని తల్లులు దర్గాకు మొక్కుకున్నారు. పుట్టినవాడికి ఆ పేరు పెట్టుకున్నారు. ఆ తల్లుల్లో బొట్టు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బిడ్డ బతకాలనుకున్న తల్లికి పీరు మతమేమిటో అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మమ్మల్ని ‘‘మీరు ఏలినవాళ్లు, నవాబులు’’ అనేవాళ్లకు ఒక మాట. గీర్ ఇంకో మాటలోనూ ఉంది. జాగీరు. జా అంటే చోటు. చోటును పట్టుకున్నది జాగీరు, చేతిని పట్టుకున్నది దస్తగీరు. జాగీర్లు ఎవరి చేతుల్లో ఉండేవో రికార్డులు తీసి చూడండి. నవాబుల పక్కన దేశ్‌ముఖులూ సంస్థానాధీశులూ కనపడతారు. దూది ఏకిన మా తాతలు ఆ కాగితాల్లో ఎక్కడా దొరకరు. మాకు దక్కింది జాగీరు కాదు, దస్తగీరు. భూమి లేనివాడికి చెయ్యి పట్టుకునేవాడు కావాలి. అందుకే ఆ పేరు పేదిళ్లలో అంతగా పాకింది.

మావాళ్లతోనూ మాకు పేచీ ఉంది. ఈ పేరు షిర్క్ అంటారు కొందరు. ఆదుకునేవాడు అల్లా ఒక్కడే, తీసేసి శుభ్రమైన అరబ్బీ పేరు పెట్టుకోండంటారు. ఆదుకునేవాడు ఆయనొక్కడేనని మేమూ నమ్ముతాం. జీలానీ బోధించిందీ అదే. కానీ దస్తగిరయ్య అనగానే మీ పెదాలమీద వచ్చే ఆ నవ్వు ఏ కితాబులోది? ‘‘దూదేకులోళ్ల పేరు’’ అనే నవ్వు అది. అందులో మాకు తౌహీద్ కనపడటం లేదు, కులం కనపడుతోంది. నమాజులో భుజం కలిపి నిలబడ్డవాణ్ణి దస్తరఖాన్ దగ్గర దూరం పెట్టడం ఏ దీన్?

ఇక సెక్యులర్ మిత్రులు. మీకు ఈ పేరంటే మహా ఇష్టం. సభల్లో చెప్తారు, మతసామరస్యానికి నిదర్శనమంటారు. మా షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులు గుళ్లలో నాదస్వరం ఊదితే మురిసిపోతారు. 2020లో వాళ్లకు పద్మశ్రీ వచ్చింది, మేమూ మురిసిపోయాం. కానీ ఇంకో వీధిలో ఇంకో సుభానీ ఇల్లడిగితే తాళం పడుతోంది. ఆ సంగతి మీ ఉపన్యాసంలో ఎందుకుండదు? మా పేరును మ్యూజియంలో పెట్టకండి. అది పనిచేసే పేరు.

ఎలా పనిచేస్తుందో భోపాల్ చూసింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి ఊరిమీద విషవాయువు కమ్మింది. స్టేషన్లో గోరఖ్‌పూర్ రైలు జనంతో నిండి ఉంది. అప్పుడు డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ ఆ రైలును వేళకు ముందే కదిలించి పంపేశాడు. తన కుటుంబం అదే ఊళ్లో ఉన్నా స్టేషన్ వదిలి వెళ్లలేదు. ఆ విషం ఆయన్ని బతికినన్నాళ్లూ వదల్లేదు. ఆయన పేరు గులాం దస్తగీర్. ఆ రైల్లో బతికి బయటపడ్డవాళ్లలో ఎవరూ ఆయన ఇంటిపేరు అడిగి ఉండరు.

మేం ఈ పేరు మార్చుకోం. గిరిని చూపించి కొండవాళ్లమని ఇళ్లు సంపాదించుకోం. అయ్యను కోసేసి షరీఫులమైపోం. రేపు మా ఇంట్లో ఆడపిల్ల పుడితే దస్తగిరమ్మ అనే పిలుస్తాం.

వచ్చే గ్యార్మీకి మా ఇంట్లో ఫాతెహా ఉంది. ఆ ఇంటాయనా రావచ్చు, ఆయన ఆవిడా రావచ్చు. మేం ఇంటిపేరు అడగం.