పళ్ళు చూసి కొన్న ఎద్దు

ఈసారి మిరప రేటు గురించి కాదు. పోయిన ఆదివారం రచ్చబండ దగ్గర ఒక మాట విన్నాను, మూడు రోజులుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. "మిలిటరీ వాళ్ళకేంరా, పెన్షన్ వస్తది, క్యాంటీన్ సరుకు వస్తది, అయినా కోర్టుల చుట్టూ తిరుగుతారు" అని. అన్నది పరాయివాడు కాదు, మనోడే. అందుకే ఇక్కడే రాస్తున్నా.

సంతలో ఎద్దును ఎట్లా కొంటారు మీరు? పళ్ళు చూస్తారు, గిట్టలు చూస్తారు, పది అడుగులు నడిపించి మరీ చూస్తారు. పదిహేనేళ్ళు దానితో దున్నించుకున్నాక అది కుంటితే, "ఇది పుట్టుకతోనే కుంటిది, నా అరక వల్ల కాదు" అంటే ఊరు ఒప్పుకుంటదా? పట్టాలంలో చేర్చుకునేటప్పుడు పిల్లవాడిని పరుగెత్తించి, ఛాతీ కొలిచి, కళ్ళు, చెవులు, పళ్ళు అన్నీ చూసి ఫిట్ అని రాసుకుంటారు. దిగిపోయేటప్పుడు మెడికల్ బోర్డు కూర్చుని ఒక్క వాక్యం రాస్తది: జబ్బు సేవ వల్ల వచ్చిందీ కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు. దాంతో వికలాంగ పెన్షన్ పోయింది.

మా బాబాయి కొడుకు సంగతి ఇదే. పదిహేడేళ్ళు చేశాడు, అందులో ఎక్కువ భాగం కొండల్లోనే. 2013లో బీపీతో దిగాడు. బోర్డు 30 శాతం అని రాసింది, కానీ జబ్బు బయటపడింది పీస్ స్టేషన్‌లో కాబట్టి సేవకు సంబంధం లేదంది. అన్నలారా, మనం మందు కొట్టేది పొలంలో, వాంతి అయ్యేది ఇంటికొచ్చాక. వాంతి ఇంట్లో అయింది కాబట్టి మందు వల్ల కాదంటే నవ్వరా?

అసలు రూలు ఏం చెబుతుందో వినండి. 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ నిబంధనల ప్రకారం, చేరేనాడు కాగితం మీద జబ్బు రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తర్వాత జబ్బుతో పంపించేస్తే రుజువు భారం జవాను మీద లేదు. అనుమానం ఉంటే ఆ లాభం అతనికే ఇవ్వాలి. ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆయన 1985లో చేరాడు, మూర్ఛ జబ్బని 1994లో పంపించేశారు. కారణం చెప్పకుండా బోర్డు రాసిన ముక్క చెల్లదని తేలడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. తీర్పు వచ్చాక ఆ ఒక్క వాక్యపు కాగితాలు ఆగాయా? ఆగలేదు. ఒక్కొక్కడూ విడిగా పోయి అదే తీర్పు చూపించి గెలుచుకోవాల్సిందే. నా కోపం అక్కడ.

దొంగ క్లెయిములు లేవని నేననను. ఏ పథకంలో లేవు చెప్పండి, పంట నష్టం జాబితాల్లో మనూళ్ళోనే చూశాం కదా! కానీ ఒకటి గమనించండి. సర్కారు ఆడిట్ రిపోర్టులోనే, దిగిపోయేవాళ్ళలో సిపాయిల కంటే ఆఫీసర్లకే ఎక్కువ శాతం మందికి ఈ పెన్షన్ దక్కుతోందని ఉంది. ఇంగ్లీషులో అప్పీలు రాసుకోగలిగినోడు రాసుకుంటాడు. మనోడు ఆ కాగితాన్ని మడిచి ఇనప్పెట్టెలో పెడతాడు.

మావాడూ అదే చేశాడు. తొమ్మిదేళ్ళు పెట్టెలో ఉంచి 2022లో ట్రిబ్యునల్‌కు పోయాడు. పెన్షన్ నెలనెలా వచ్చేది కాబట్టి ఆలస్యమైనా కేసు తీసుకుంటారు, కానీ బకాయి మాత్రం కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ళకే. తర్సేం సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు పెట్టిన హద్దు అది. మావాడు గెలిచాడు, మొదటి ఆరేళ్ళ డబ్బు మాత్రం పోయింది. లెక్క వేద్దాం. నూటికి నూరు వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. రౌండింగ్ ప్రకారం 50 లోపు శాతాన్ని 50గా లెక్కిస్తారు, అంటే జీతంలో 15 శాతం. జీతం 40,000 అనుకుంటే నెలకు 6,000. ఆరేళ్ళకు 4,32,000. ఆ రౌండింగ్ కూడా అందరికీ ఊరికే రాలేదు, సర్వీసు పూర్తిచేసి దిగినవాళ్ళకు 2014లో రామ్ అవతార్ కేసు గెలిస్తే వచ్చింది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. భర్త సర్వీసులో పోతే ఏదో కుటుంబ పెన్షన్ బ్యాంకులో పడుతుంటది, ఆమె దాంతోనే సరిపెట్టుకుంటది. అది ఏ పెన్షనో అడిగేవాళ్ళుండరు. సాధారణ కుటుంబ పెన్షన్ మామూలు రేటు ఆఖరి జీతంలో 30 శాతం. చావుకు సేవే కారణమని ఒప్పుకుంటే ప్రత్యేక కుటుంబ పెన్షన్, 60 శాతం. రెట్టింపు! మధ్యలో అడ్డం ఉన్నది మళ్ళీ ఆ ఒక్క వాక్యమే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్ళలో చెప్పేవాళ్ళు దొరుకుతారు, ఇంటింటికీ ఒక జవాను కాబట్టి. ఊరికి ఇద్దరో ముగ్గురో ఉన్న మనలాంటి చోట ఆమె ఎవరిని అడగాలి?

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, కొన్ని రకాల పెన్షన్‌కు 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అని పేరు మార్చారు. అవి ఆ తర్వాత దిగినవాళ్ళకు. అంతకు ముందు దిగినవాళ్ళను "రూల్సు మారాయి" అని ఎవరన్నా వెనక్కి పంపితే నమ్మకండి.

మీ ఇంట్లో, మీ వీధిలో అట్లాంటి కాగితం ఉంటే ఈ వారమే బయటికి తీయండి. తేదీ చూడండి. తిరస్కరించిన ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు, అదీ కాదంటే రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ బెంచి చెన్నైలో ఉంది. మెడికల్ బోర్డు కాగితాల నకలు లేకపోతే ముందు సమాచార హక్కు కింద అడగండి, అది లేకుండా వకీలు దగ్గరికి పోయినా పని కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఎట్లా రాయాలో చెబుతారు. ముసలివాళ్ళు ఒక్కరే పోతే రేపు రమ్మంటారు, తోడు ఎవరైనా వెళ్ళండి.

రచ్చబండ దగ్గర ఆ మాట అన్న తమ్ముడూ, ఇది చదివితే ఫోన్ చెయ్యి. మీ వీధి చివర ఇంట్లో ఉండే పెద్దమ్మకు 1998 నుంచి ఏ పెన్షన్ వస్తోందో ఇద్దరం కలిసి పాస్‌బుక్ చూద్దాం.