మత్తు విడుటయు, తేఱుకొనుటయు

చిలకలూరిపేట దగ్గఱి పల్లెనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమె ఱొమ్ములో చిన్న గడ్డ యున్నది. దానిని తీసివేయుటకై గుంటూరు రమ్మనిరి. ఉదయము చేర్చుకొని సాయంకాలమునకే యింటికి పంపుదుమని చెప్పిరి. పొరుగింటి యామె, ఫలానా గ్యాసు ఇచ్చినచో వెంటనే మెలకువ వచ్చును, దానినే యిమ్మని అడుగుమని బోధించినదట. “ఏ గ్యాసు మంచిది? మిరపకోతలు నడుచుచున్నవి, మఱునాడు కూలీలకు అన్నము వండి కల్లమునకు పంపవలెను, పంపవచ్చునా?” అని యామె ప్రశ్న. ఒక జాబులో రెండు ప్రశ్నలున్నవి. మొదటిదానికంటె రెండవదే ముఖ్యమని మా యభిప్రాయము. అయినను అడిగిన వరుసనే చెప్పుదుము.

ఏ మత్తు మేలైనదను తగవు నేటిది కాదు. 1846 అక్టోబరు 16వ తేదీని అమెరికాలో బోస్టను నగరమున ఈథరు పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసి చూపిరి. మఱు సంవత్సరము నవంబరులో ఎడింబరో నగరమున సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును వాడెను. ఈథరు ఘాటైనది, దానితో నిద్రపట్టుట ఆలస్యము, లేచుట మఱింత ఆలస్యము, లేచినపిదప డోకులు. క్లోరోఫారము తియ్యని వాసనగలది, త్వరగా పనిచేయును. కావున అందఱును దానిని మెచ్చుకొనిరి. కాని 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి ఆ క్లోరోఫారముతోనే ప్రాణము విడిచినది. గోరు తీయుట యెంతపాటి పని! పని చిన్నదైనంతమాత్రమున మత్తు చిన్నది కాదని అప్పుడే లోకమునకు తెలిసినది.

ఆ తగవు తుదకు మన తెలుగువారి నడుమకే వచ్చినది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డు లారీ క్లోరోఫారమునకు గొప్ప పక్షపాతి. అది గుండెను చంపునా, ఊపిరిని ఆపునా యని తేల్చుటకు 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు పరిశోధక సంఘము లచట కూర్చుండినవి. రెండవ సంఘమునకై నిజాము ప్రభుత్వము వేయి పౌనులు వ్యయపఱచి, ‘లాన్సెట్’ పత్రికవారి ద్వారా లాడర్ బ్రంటను అను పేరుపొందిన వైద్యుని లండనునుండి రప్పించినది. కుక్కలమీదను కోతులమీదను పరీక్షలు జరిపి, మొదట ఆగునది ఊపిరియే, గుండె కాదు. కావున ఊపిరిని కనిపెట్టి యుండవలెనని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు సగమే నిజము. తేలిక మత్తులో గుండె ఉన్నట్టుండి గతి తప్పి ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ చూపెను. అయినను ఊపిరిని కనిపెట్టియుండుమన్న మాట నేటికిని చెల్లుచున్నది.

ఆ దినములలోనే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదువుకొని, లారీవద్ద క్లోరోఫారము ఇచ్చుట నేర్చిన పారసీ స్త్రీ డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ. ప్రపంచమున తొలి స్త్రీ మత్తువైద్యురాలు ఆమెయేయని పలువురు చెప్పుదురు. 1909లో ఆమె ఎడింబరో వెళ్లి, తన వృత్తికి కావలసిన రసాయన, భౌతిక శాస్త్రములను చదివి వచ్చినది. పురుషులు సంఘములు పెట్టి వాదించుకొనుచుండగా ఆమె రోగుల తలాపున కూర్చుండి ఊపిరి లెక్కించుచుండెను. ఆమె పేరు మన బాలికల పాఠ్యపుస్తకములలో లేకపోవుట మాకు కష్టముగానున్నది.

ఇక నేటి మాట. క్లోరోఫారము పోయినది, ఈథరు దాదాపు పోయినది. 1956లో వాడుకకు వచ్చిన హాలోథేను చాలకాలము రాజ్యమేలినది. మాటిమాటికి ఇచ్చినచో అరుదుగా కాలేయము వాచి కామెర్లు వచ్చుటచేత అదియు వెనుకబడినది. దానికి పిమ్మట ఐసోఫ్లురేను, సెవోఫ్లురేను, డెస్‌ఫ్లురేను అను మూడు వచ్చినవి. ఇవి ద్రవములు, ఆవిరిచేసి ప్రాణవాయువుతో కలిపి పీల్పింతురు.

వీనిలో భేదమేమనగా నెత్తురులో కరగుట. మిరపబస్తాలమధ్య పత్తిబొంత నొకటి, ఇత్తడిబిందె నొకటి ఉంచి చూడుడు. బయటికి తెచ్చినపిదప బొంతలో ఘాటు దినములతరబడి యుండును. బిందెను తుడిచిన పోవును. నెత్తురు ఈథరుపట్ల పత్తిబొంతవంటిది: ఊపిరితిత్తులలోని గాలిలో ఒక పాలు ఈథరుండగా నెత్తురులో సుమారు పండ్రెండు పాళ్లు చేరును. హాలోథేను రెండున్నరకు కొంచెము తక్కువ, ఐసోఫ్లురేను 1.4, సెవోఫ్లురేను 0.65, డెస్‌ఫ్లురేను 0.42. ఎంత తక్కువ కరగునో, మందు ఆపినపిదప అంత త్వరగా ఊపిరితో బయటికి పోవును. ఈ లెక్కనుబట్టి డెస్‌ఫ్లురేనే మేటి. కాని అది ఘాటైనది. మెలకువలోనున్న వారికి పీల్పించినచో దగ్గు వచ్చును, గొంతు బిగియును. గాలిలో కలిసినపిదప బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 2,500 రెట్లు భూమిని వేడెక్కించునని, 2026 జనవరి 1 నుండి ఐరోపా సమాఖ్యవారు తప్పనిసరియైనచోట తప్ప దానిని వాడగూడదనిరి. సెవోఫ్లురేను తియ్యని వాసనగలది. పసిపిల్లలకు ముసుగుతో పీల్పించుటకు అదియే తగినది.

మెలకువలో వీని తారతమ్యమెంత? నిమిషములు మాత్రమే. ఇదివఱకు జరిగిన పరిశోధనలనెల్ల కూర్చి 2004లో ప్రకటించిన యొక సమీక్షలో, డెస్‌ఫ్లురేను తీసికొన్నవారు కండ్లు తెఱచుట కొన్ని నిమిషములు ముందని తేలినది. ఇంటికి పోదగిన స్థితి వచ్చుటలో మాత్రము ఈ మందులకు చెప్పుకోదగిన భేదము లేదు. సూదిమందుగా నిచ్చు ప్రోపోఫోలుతో వాంతులు తక్కువ. కావున సోదరి గ్యాసు పేరు పట్టుకొని అడుగనక్కఱలేదు. అది మత్తువైద్యుని యెన్నిక. ఆమె యడుగవలసినది వాంతులనుగూర్చి.

ఏలయన, ఆపరేషనుపిదప డోకు, వాంతి పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ. బస్సెక్కిన కడుపు తిప్పువారికి మఱింత ఎక్కువ. పొగ త్రాగనివారికి ఎక్కువనుట వింతయైనను నిజము. అందుకై చుట్ట మొదలుపెట్టవలదు! వాంతులను ముందే ఆపు మందులున్నవి. “నాకు బస్సులో వాంతులగును” అని యొక్కమాట చెప్పినచో వైద్యుడు వానిని ముందుగానే యిచ్చును. ఈ మాట సిగ్గుపడి దాచుకొని, గతుకుల బాటలో ఆటోలో కూర్చుండి నరకము చూచినవారిని మేమెఱుగుదుము.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇది వ్రాయుటకు మాకు కొంచెము సంకోచముగానున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా మఱదలు ఇట్లే చిన్న ఆపరేషను చేయించుకొని సాయంకాలమునకు ఇల్లు చేరినది. నవ్వుచు మాటలాడినది, కాఫీ త్రాగినది. ఆసుపత్రివారు ఒక దినము విశ్రాంతి యని కాగితముమీద వ్రాసియిచ్చిరి. ఆ కాగితమును చదివినదియు మేమే, మడిచి పెట్టినదియు మేమే. రాత్రి ఆమె లేచి అన్నము వార్చబోయినది, మేము వలదనలేదు. కన్ను తిరిగి గంజి చేతిమీద పడినది. ఆ మచ్చ నేటికిని ఉన్నది. ఆమె మమ్ము ఒక్కమాట యనలేదు. అదియే మాకు భారము.

మెలకువ వచ్చుట వేఱు, తేఱుకొనుట వేఱు. మాట స్పష్టముగా వచ్చినను, చేతి నిదానము, కాలి నిలుకడ, జ్ఞాపకము, వివేచన పూర్తిగా కుదుటబడుటకు కాలము పట్టును. కావుననే ఇరువదినాలుగు గంటలు పొయ్యిదగ్గఱకు పోగూడదు, బండి నడుపగూడదు, పసిబిడ్డతో ఒంటరిగా నుండగూడదు, కాగితములమీద సంతకము చేయగూడదు. పత్తి, మిరప అమ్మకపు లెక్కలు, అప్పుపత్రములు ఇంటిలో తిరుగు కాలమిది. ఈ కడపటిమాట ప్రత్యేకముగా చెప్పుచున్నాము. రాత్రి పెద్దవారొకరు తోడు పండుకొనవలెను. పాలిచ్చు తల్లి పూర్తిగా మెలకువ వచ్చి బిడ్డను పట్టుకొనగలిగినంతనే పాలియ్యవచ్చును, పిండి పాఱబోయనక్కఱలేదు.

ముందుగా చేయవలసినవియు కొన్ని యున్నవి. ఆఱుగంటల ముందునుండి అన్నము, పాలు, కాఫీ, మజ్జిగ కూడవు. వట్టి మంచినీరు రెండుగంటల ముందువఱకు సామాన్యముగా త్రాగనిత్తురు. మజ్జిగ నీళ్లే కదా యని త్రాగువారున్నారు. అది పాలక్రిందనే లెక్క. కడుపులోనిది మత్తులో ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. కల్లములో మిరపదుమ్ము పీల్చి దగ్గుచున్నచో చెప్పవలెను. మునుపు మత్తు తీసికొన్నప్పుడు కామెర్లు వచ్చినను, రక్తసంబంధీకులలో నెవరికైనను మత్తులో తీవ్రజ్వరము వచ్చినను తప్పక చెప్పవలెను.

పిల్లల తల్లులకు మఱియొకమాట. సెవోఫ్లురేనుతో నిద్రపుచ్చిన పసివాండ్రు కొందఱు లేచినపిదప ఎవరిని గుర్తుపట్టనట్లు గింజుకొని యేడ్తురు. చాలమందికి కొంతసేపటిలో తగ్గిపోవును. గ్లాస్గోలో నికోలు అను వైద్యుడు పిల్లలకు 8,988 ఆపరేషనులు చేసి, అదేదినము తల్లులతో ఇండ్లకు పంపితినని 1909లో ప్రకటించెను. తల్లి చేతిలో బిడ్డ ఆసుపత్రి మంచముమీదకంటె చక్కగా తేఱుకొనునని ఆయన నమ్మకము. అయితే తల్లికి తోడెవరో మాత్రము ఆయన చెప్పలేదు!

చిలకలూరిపేట సోదరికి మా జవాబిది. మఱునాటి వంట తోడికోడలికో, పొరుగింటి యామెకో అప్పగింపుడు. గ్యాసు పేరు చెప్పిన యామెయే రెండు గంటలు గరిటె పట్టవచ్చును. వచ్చునప్పుడు ఆటోకు మారుగా కారు కుదుర్చుకొనుడు. ప్రక్కన మీవారొక్కరే కాక ఆడుదిక్కొకరు ఉండిన మేలు. రాత్రి నెత్తురు ఆగకున్నను, వాంతులు తగ్గకున్నను, ఊపిరి కష్టమైనను ఎవరికి ఫోను చేయవలెనో ఆ నంబరు ఆసుపత్రి వదలకముందే వ్రాయించుకొనుడు. తీసిన గడ్డను పరీక్షకు పంపిరా, ఫలితము ఏనాడు వచ్చునో కూడ అడుగుడు. కోతలున్నను ఆ దినమున స్వయముగా వెళ్లి ఫలితము తెలిసికొని మాకు వ్రాయుడు.