గంట ఒక్కటే మోగిస్తే

కుక్క దగ్గర వ్యాపారం నేర్చుకోవడమేమిటని మన కామర్స్ మిత్రులు నవ్వవచ్చు. శతకకారుడు దాన్ని బంగారు గద్దె ఎక్కించి మరీ తిట్టాడు. దాని తోక పట్టుకుని గోదారి ఈదలేమని సామెత కూడా ఉంది. ఇంత అప్రతిష్ఠ మోస్తున్న ఆ జంతువే నోట మాట లేకుండా, చేతిలో కానీ లేకుండా, ప్రతి వీధిలోనూ నాలుగు గడపలను వాడుకగా చేసుకుని బతికేస్తోంది. మన అమ్మకందార్లలో అలా ఎందరు బతగ్గలరు?

తాతల నాటి గ్రామఫోన్ రికార్డుల మీద కుక్క బొమ్మను చాలామంది చూసే ఉంటారు. దాని పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు వేసిన ఆ బొమ్మను 1899లో గ్రామఫోన్ కంపెనీ కొనుక్కుంది. మొదట అందులో ఉన్నది వేరే రకం యంత్రం. కంపెనీ కోరితే దాన్ని చెరిపి, ఆ చోటనే గ్రామఫోను వేశాడాయన. యంత్రం మారింది గాని కుక్క మారలేదు. లోకంలో అంత సరుకు అమ్మిపెట్టిన కుక్క ఇంకొకటి ఉండదేమో! ఒక్కటి గమనించండి: ఆ బొమ్మలో అది మొరగడం లేదు, వింటోంది.

అసలు సంగతి రష్యాలో ఉంది. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న పావ్‌లోవ్, తిండి పెట్టే ముందు ఏదో ఒక శబ్దం వినిపించడం అలవాటు చేస్తే, కొన్నాళ్ళకు ఆ శబ్దానికే కుక్క నోట లాలాజలం ఊరుతుందని చూపించాడు. గంట అని అందరూ చెప్పుకుంటారు గాని, మెట్రోనోము, బజరు లాంటివి కూడా వాడాడాయన. ఈ పాఠం వ్యాపార ప్రపంచానికి భలే నచ్చింది. మనస్తత్వశాస్త్రంలో ఇదే దారి పట్టిన జాన్ వాట్సన్ 1920లో విశ్వవిద్యాలయం ఉద్యోగం పోయాక అమెరికాలో ఒక ప్రకటనల సంస్థలో చేరి, 1924 నాటికి ఉపాధ్యక్షుడయ్యాడు.

అయితే వాళ్ళు చదివింది సగం పాఠమే అంటాను. తిండి పెట్టకుండా ఊరికే గంట కొడుతూ పోతే లాలాజలం క్రమంగా తగ్గి, చివరికి ఆగిపోతుంది. ఇదీ పావ్‌లోవ్ చెప్పిందే.

మా ఊరికి తొలకరి ముందు మైకు కట్టిన ఆటో వస్తుంది. విత్తనాల పాకెట్టు మీద గుత్తులు గుత్తులుగా మిరపకాయలు, రైతులకు టోపీలు, ఓ పూట భోజనం. ఇదంతా గంట. పైరు ఏపుగా పెరిగి కాయ పట్టకపోతే ఆ ఆటో మళ్ళీ కనిపించదు. దుకాణదారుణ్ణి అడిగితే "కంపెనీవాళ్ళు రావాలండీ" అంటాడు. ఒక ఏడు అలా దెబ్బ తిన్నాక మా నాన్న ఆ పాకెట్టు వైపు మళ్ళీ చూడలేదు. కానీ కొంత విరామమిచ్చి గంట కొడితే ఆగిన లాలాజలం కాస్త మళ్ళీ ఊరుతుందని కూడా పావ్‌లోవే కనిపెట్టాడు. ఇది తెలిసే కాబోలు, కొత్త పేరుతో, కొత్త బొమ్మతో ఆటో మళ్ళీ తయారవుతుంది.

రైతులు మాత్రం తక్కువ తిన్నారా? గంపలో పై వరస టమాటాలు నిగనిగలాడుతూ, కింద పుచ్చులు! ఎవరో దళారికి, ఎక్కడో సంతకు పోయే సరుకు గదా అని. 1999లో రైతు బజార్లు మొదలయ్యాక, అమ్మేవాడి ఎదుటికి కొనేవాళ్ళే వచ్చి నిలబడ్డారు. నిన్న పుచ్చు వంకాయ పట్టికెళ్ళిన ఆవిడ ఇవాళ సంచీతో ఎదురుగా వస్తుంటే గంప కింద దాచడం కష్టం. వీధి కుక్కకూ ఇదే ఇబ్బంది. రేపు మళ్ళీ ఆ గడపకే రావాలి, అందుకే అన్నం పెట్టిన ఇంట్లో కోడిపిల్లను ముట్టదు. (ముట్టేవీ ఉన్నాయనుకోండి, వాటికి కర్ర తప్పదు.)

ఇదంతా మన సంచికలో ఎందుకంటే, మనలో చాలామందికి బి.ఎస్సీ. పట్టా చేతికొచ్చాక దొరికేవి అమ్మకాల ఉద్యోగాలే. కొందరు మందుల సంచీ పట్టుకుని డాక్టర్ల గుమ్మాల్లో, కొందరు పురుగుమందుల డబ్బాలతో పొలం గట్ల మీద నిలబడతారు. నెలకింత అమ్మాలని టార్గెట్ ఇస్తారు. ఇది ఏ పురుగుకు పనిచేస్తుంది, దేనికి పనిచెయ్యదు అన్నది రసాయనశాస్త్రం చదివిన మనకు తెలుస్తుంది, ఎదుటి రైతుకు తెలియకపోవచ్చు. నన్ను ఏ ఊరికి పంపిస్తారో తెలియదు. మా ఊరికే పంపినా పంపవచ్చు. అక్కడి కుక్కలన్నీ నన్ను గుర్తుపడతాయి.