గోదావరి డెల్టా గ్రామీణ గ్రంథాలయాలు - సిబ్బందికి వృత్తి శిక్షణ ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

రాజమహేంద్రవరం: గ్రంథాలయోద్యమానికి ఊపిరి పోసిన ప్రాంతాలలో గోదావరి డెల్టా ముఖ్యమైనది. ఇక్కడి గ్రామ గ్రంథాలయాల మనుగడ నేడు భవనాలు, పుస్తకాలపై ఎంత ఆధారపడి ఉన్నదో, వాటిని నిర్వహించే సిబ్బంది సామర్థ్యంపైనా అంతే ఆధారపడి ఉన్నది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం స్థానిక సంస్థలు వసూలు చేసే ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్నును సమకూర్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు నిధుల మార్గం చూపింది. ఆ నిధులతో కొన్న పుస్తకం పాఠకుని చేతికి చేరడం మాత్రం గ్రంథపాలకుని వృత్తి నైపుణ్యంతోనే సాధ్యమవుతుంది. అందువల్ల ఉద్యోగంలో చేరిన తరువాత లభించవలసిన శిక్షణను గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉన్నది.

శిక్షణకు శతాబ్ది చరిత్ర

ఈ ప్రాంతంలో గ్రామ గ్రంథాలయ సంప్రదాయం చట్టం కంటే ఎంతో ముందే నెలకొన్నది. భీమవరం సమీపంలోని కుముదవల్లిలో 1897లోనే భూపతిరాజు తిరుపతిరాజు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయాన్ని స్థాపించారు. రాజమహేంద్రవరంలో వాసురాయ, రత్నకవి గ్రంథాలయాల కలయికతో గౌతమీ గ్రంథాలయం ఏర్పడింది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆ ఉద్యమానికి జీవితాన్ని అంకితం చేసిన అయ్యంకి వెంకట రమణయ్య తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో జన్మించినవారే.

గ్రంథాలయం స్థాపించడంతో పని ముగియదని, దానిని నడిపే కార్యకర్తకు శిక్షణ అవసరమని నాటి పెద్దలు గుర్తించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1920లోనే కార్యకర్తలకు శిక్షణ నిర్వహించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా ప్రవేశపెట్టింది. పాతూరి నాగభూషణం కృషితో విజయవాడలో నెలకొన్న గ్రంథాలయ శాస్త్ర పాఠశాల సర్టిఫికెట్ కోర్సు ద్వారా ఎందరికో ఈ వృత్తిలో ప్రవేశం కల్పించింది.

మారిన బాధ్యతలు

సర్టిఫికెట్ కోర్సులో నేర్చుకునే వర్గీకరణ, సూచీకరణ, రిజిస్టర్ల నిర్వహణ నేటికీ పునాదులే. అయితే ఒకప్పుడు పొందిన ఆ ధ్రువపత్రం ఒక్కటే సర్వీసు మొత్తానికి సరిపోదు. దినపత్రికల కోసం వచ్చే వృద్ధులతో పాటు పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు శాఖా గ్రంథాలయాలకు ప్రధాన పాఠకులయ్యారు. నోటిఫికేషన్లు, పాఠ్యప్రణాళికలు, అంతర్జాలంలోని విశ్వసనీయ సమాచారం ఎక్కడ లభిస్తాయో వారికి చూపగల నేర్పు గ్రంథపాలకులకు అవసరం. జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఈ-గ్రంథాలయ వంటి సాఫ్ట్‌వేర్లు అందుబాటులో ఉన్నప్పటికీ, పుస్తకాల వివరాలను తప్పులు లేకుండా నమోదు చేసే అభ్యాసం లేనిదే కంప్యూటర్ వల్ల ప్రయోజనం ఉండదు.

డెల్టా వాతావరణం మరొక బాధ్యతను మోపుతున్నది. గాలిలోని తేమ, చెదలు, బూజు పుస్తకాలకు నిత్య శత్రువులు. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబర్ తుపాను, 2022 జూలై వరదలు ఈ ప్రాంతపు ముప్పును పదేపదే గుర్తుచేశాయి. ఏ పుస్తకాలను ముందుగా ఎత్తైన చోటికి చేర్చాలి, తడిసిన కాగితాన్ని ఎండలో పెట్టక నీడలో గాలికి ఎలా ఆరబెట్టాలి అన్నవి అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేసి నేర్చుకోవలసిన పనులు.

నష్టపోయిన పుస్తకానికి తానే బాధ్యుడనన్న భయం కూడా సేవపై ప్రభావం చూపుతుంది. స్టాకు తనిఖీ, శిథిలమైన పుస్తకాల తొలగింపు నిబంధనలు స్పష్టంగా తెలియనిచోట పుస్తకాలు బీరువాల్లోనే ఉండిపోతాయి. నిబంధనలు తెలిసిన గ్రంథపాలకులు వాటిని ధైర్యంగా పాఠకులకు అందించగలుగుతారు.

ఒక్కరే ఉద్యోగి - అసలు చిక్కు

గ్రామీణ శాఖా గ్రంథాలయం సాధారణంగా ఒకే ఉద్యోగిపై నడుస్తుంది. ఆ ఉద్యోగి వారం రోజుల శిక్షణకు దూరప్రాంతానికి వెళితే గ్రంథాలయానికి తాళం పడుతుంది. ఒకే గ్రంథపాలకునికి రెండు శాఖల బాధ్యత ఉన్నచోట రెండింటికీ అదే పరిస్థితి. స్వల్ప గౌరవ వేతనంపై పుస్తక నిక్షేప కేంద్రాలు నడిపే నిర్వాహకులకు వృత్తి కోర్సు చదివే అవకాశమే అరుదు. కాబట్టి శిక్షణ పాఠ్యాంశాలతో పాటు దాని వేళ, స్థలం కూడా ముఖ్యమే.

రెండు లేక మూడు రోజుల స్వల్పకాలిక తరగతులను విడతలవారీగా, గ్రామాలకు సమీపంలోని పెద్ద గ్రంథాలయాలలో నిర్వహించడం, ఆ రోజులలో పొరుగు శాఖ ఉద్యోగికి తాత్కాలిక బాధ్యత అప్పగించడం ఆచరణసాధ్యమైన మార్గాలు. తాళపత్రాలు, పాత పత్రికలు గల గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయం పుస్తక పరిరక్షణ శిక్షణకు అనువైన వేదిక కాగలదు. కాకినాడ, ఏలూరులలోని జిల్లా కేంద్ర గ్రంథాలయాలు కంప్యూటరీకరణ, పాఠక సేవల శిక్షణకు ఉపయోగపడగలవు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి పాలనా కేంద్రాలు పెరిగిన దృష్ట్యా ఈ సమన్వయం మరింత అవసరం.

వనరులు - కర్తవ్యం

1972లో ఏర్పాటైన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ పుస్తకాల కొనుగోలుతో పాటు సదస్సులు, పునశ్చరణ తరగతులకూ ఆర్థిక సహాయ పథకాలు నిర్వహిస్తున్నది. 2014లో ప్రారంభమైన జాతీయ గ్రంథాలయ మిషన్ సిబ్బంది సామర్థ్య పెంపును తన లక్ష్యాలలో చేర్చింది. గ్రంథపాలకుల నిరంతర విద్య తప్పనిసరి అని యునెస్కో పౌర గ్రంథాలయ ప్రణాళిక 1994లోనే స్పష్టం చేసింది. ఈ వనరులను వినియోగించుకోవాలంటే ఏ శాఖలో ఎవరికి ఏ శిక్షణ అవసరమో జిల్లాస్థాయిలో ముందుగా జాబితా సిద్ధం కావాలి.

ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో పాఠకులకు, విద్యార్థులకు పోటీలు, ప్రదర్శనలు ఏర్పాటవుతాయి. ఆ కార్యక్రమ పట్టికలో గ్రంథపాలకుల శిక్షణకు ఒక్క రోజు కేటాయించినా, శతాబ్దం క్రితం ఈ నేలపై మొదలైన కృషి మరో అడుగు ముందుకు వేసినట్లవుతుంది.