యింజను ఊపిరి గొట్టాలు

పిల్లలూ, మోటారు కారు పెట్రోలు త్రాగి నడుస్తుందంటారు గదా! నిజానికది త్రాగేదానికంటె పీల్చేదే చాలా ఎక్కువ. ఒక లీటరు పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. పాతకాలపు కార్లలో కార్బురేటరు అనే భాగం పెట్రోలును తుంపరలు చేసి గాలిలో కలుపుతుంది. ఆ గాలిని సిలిండర్లకు పంచిపెట్టే గొట్టాల గుంపే ఇన్‌టేక్ మానిఫోల్డు. చెరువు తూము నుంచి పొలాలకు నీరు పంచే కాలువల వంటిదన్నమాట.

సికిందరాబాదులో మా పక్కింటి పెద్దాయనకు 1965 నాటి షెవర్లే ఇంపాలా కారు వున్నది. 4.6 లీటర్ల యింజను, ఎనిమిది సిలిండర్లు! 1964లో అమెరికాలో పాంటియాక్ జీటీవో వచ్చాక, పెద్ద యింజను పెట్టిన వేగపు కార్లకు 'మజిల్ కార్లు' అని పేరుపడింది. పెద్దాయన మనుమడికి ఆ పిచ్చి పట్టింది. పందెపు కార్లకు వాడే వెడల్పాటి మానిఫోల్డు రాణీగంజిలో దొరికితే, "కొనమంటారా, మాస్టారూ?" అని నన్నడిగాడు.

"నోరు పెద్దదైతే గాలి ఎక్కువ పోతుంది. కొను," అన్నాను. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి. ఆలోచించకుండా జవాబు చెప్పటం అలవాటైపోయింది!

పాత యినప మానిఫోల్డు పాత సామాన్ల కొట్టుకు పోయింది. ఆదివారం పెద్దాయన కారు తీశారు. ప్యారడైజు దగ్గర సిగ్నలు పడగానే కారు దగ్గి ఆగిపోయింది. కదిలిస్తే మళ్ళీ ఆగింది. వెనక బస్సుల హారన్లు! ఆయన తాళాలు మనుమడి చేతిలో పెట్టి, ఆటోలో యింటికి వచ్చేశారు. "దాన్ని అమ్మేయండి," అన్నారు.

కార్బురేటరు ఎంత సరిచేసినా లాభం లేకపోయింది. అప్పుడు నాకు మా అమ్మ ఊదుగొట్టం గుర్తుకువచ్చింది. కట్టెల పొయ్యి వూదే ఆ గొట్టం సన్నగా వుంటుంది, అందుకే గాలి జోరుగా పోతుంది. లావు వెదురుబొంగుతో వూదితే బూడిద కూడా లేవదు. మానిఫోల్డులోనూ అంతే. యింజను మెల్లగా తిరిగేటప్పుడు వెడల్పు గొట్టాల్లో గాలి నెమ్మదిస్తుంది. పెట్రోలు తుంపరలు గాలిని వదిలి గోడలకు అంటుకుంటాయి. సిలిండర్లకు సరైన పాలు అందదు. నిమిషానికి అయిదారువేల చుట్లు తిరిగే పందెంలో మాత్రం ఆ వెడల్పే మేలు. అక్కడ సన్నని గొట్టం గొంతు నొక్కినట్లవుతుంది.

పందెపు మానిఫోల్డులో ఎనిమిది సిలిండర్లకూ కలిపి ఒకటే గది. రోడ్డు మీది కార్లకు రెండంతస్తుల రకం వాడతారు. ఒక్కొక్క అంతస్తు నాలుగు సిలిండర్లకు. ఒకదాని తరువాత ఒకటి పీల్చే సిలిండర్లు వేర్వేరు అంతస్తుల్లో వుంటాయి గనుక ఒకరి వాటా ఒకరు లాక్కోరు. మేము పారవేసిన యినపది సరిగ్గా ఆ రకమే!

అల్యూమినియంతో చేసిన రెండంతస్తులది కూడా ఒకటి చూశాం. తేలిక, కాని ఎత్తు. బిగించి, పైన చపాతీపిండి ముద్ద పెట్టి బానెట్టు మూశాం. తెరిస్తే ముద్ద అప్పడమైంది!

పాత సామాన్ల కొట్టుకు పరుగెత్తాం. అదృష్టవశాత్తు యినపది యింకా కొలిమికి పోలేదు. అమ్మినదానికి రెట్టింపు యిచ్చి తెచ్చుకున్నాం. తప్పు నాదేనని పెద్దాయనతో నేనే చెప్పాను. ఆయన మాట్లాడలేదు.

మొన్న ఆదివారం ప్యారడైజు దగ్గర కారు ఆగలేదు. ఎప్పుడూ ముందు సీటు నాది. ఈసారి అందులో మనుమణ్ణి కూర్చోబెట్టి, నాకు వెనక తలుపు తీశారు.